బాకీ లేని ఊరు

తడలో పెరిగినవాళ్ళకి సరిహద్దు అంటే ఏమిటో ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు. హైవే మీద కాసేపు దక్షిణానికి వెళితే ఆరంబాక్కం, తమిళనాడు. అటువైపు పెట్రోలు లీటరుకి కొన్ని రూపాయలు చవక కాబట్టి ట్యాంకు అక్కడ నింపుకోవాలని చూస్తారు. 2017లో జీఎస్టీ వచ్చేదాకా భీమునివారిపాళెం చెక్‌పోస్టు దగ్గర వాణిజ్య పన్నుల కాగితాల కోసం లారీలు బారులు తీరేవి. పడమరగా వెళితే శ్రీసిటీ. అక్కడి ప్రత్యేక ఆర్థిక మండలి, 2005 నాటి చట్టం ప్రకారం, కస్టమ్స్ లెక్కల్లో దేశానికి బయట ఉన్నట్టే. అంటే తూర్పున పులికాట్ సరస్సు, పడమట చట్టం సృష్టించిన ఒక చిన్న విదేశం. పన్ను తక్కువున్న చోటికి జరగడం ఈ మండలంలో కొత్త సంగతేం కాదు.

ఇప్పుడు ఆ జరగడమే ఇంకాస్త దూరం పోయింది. ఒక కుర్రాడిని ఊహించుకుందాం. సూళ్ళూరుపేటలో ఇంటరు, తిరుపతిలో ఇంజనీరింగు, ఫీజు రీయింబర్స్‌మెంటు. చెన్నైలో ఉద్యోగం చేస్తూ ట్రేడింగ్ నేర్చుకున్నాడు, నిలదొక్కుకున్నాడు. అది చిన్న విషయం కాదు. 2022 నుంచి 2024 దాకా మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో చేయిపెట్టిన మామూలు మదుపరుల్లో 93 శాతం మంది నష్టపోయారనీ, ఆ నష్టం మొత్తం 1.8 లక్షల కోట్ల రూపాయలు దాటిందనీ సెబీ లెక్క తేల్చింది. మనవాడు మిగిలిన ఏడుగురిలో ఒకడు. లాభం పెరిగేకొద్దీ శ్లాబు 30 శాతానికి చేరింది, పైన సెస్సు. దుబాయ్‌లో వ్యక్తిగత ఆదాయపు పన్ను సున్నా. ఎన్ఆర్ఐ అయ్యాక మన ఎక్స్చేంజీల్లో షేర్ల ఇంట్రాడే కుదరదు కాబట్టి అమెరికా మార్కెట్‌కి మారాడు. న్యూయార్క్ తెరుచుకునేసరికి దుబాయ్‌లో సాయంత్రం అయిదున్నర, చలికాలంలో ఆరున్నర. మార్కెట్ మారింది గానీ పని మారలేదు. అదే ల్యాప్‌టాప్, అవే చార్టులు.

ఇందులో తప్పేముంది? చట్టం ప్రకారం ఏమీ లేదు. అతన్ని అడిగితే జవాబు కూడా సిద్ధంగానే ఉంటుంది: "గవర్నమెంటు మనకేం ఇచ్చిందన్నా? గుంతల రోడ్లేగా! నా తెలివి, నా రిస్కు, నా డబ్బు." ఈ మాటని అత్యాశ అని కొట్టిపారేస్తే మనం తేలిగ్గా తప్పించుకున్నట్టే. అతని వైపున రెండు గట్టి వాదనలున్నాయి.

మొదటిది గల్ఫ్ కూలీ. రాయచోటి నుంచి, రాజంపేట నుంచి ఎంతమంది కువైట్ పోలేదు? డ్రైవర్లుగా, ఇళ్ళలో పనివాళ్ళుగా వెళ్ళిన వాళ్ళెవరూ అక్కడి జీతం మీద ఇక్కడ పన్ను కట్టలేదు. వాళ్ళని మనం కష్టజీవులంటాం. మరి ట్రేడర్ని ఎగవేతదారు అని ఎందుకు అనుమానిస్తాం? చెమట పట్టిందా లేదా అన్నది నీతికి కొలబద్ద కాదు కదా. రెండోది శ్రీసిటీ. బహుళజాతి కంపెనీలకి పన్ను మినహాయింపులిచ్చి, భూమి చూపించి, రమ్మని పిలిచింది ప్రభుత్వమే. పన్ను అనేది బేరమాడదగ్గ వస్తువని పౌరుడికి నేర్పిందీ అదే. కంపెనీ ఆడితే పారిశ్రామిక విధానం, కుర్రాడు ఆడితే ద్రోహమా?

రెండోదానికి జవాబు ముందు చూద్దాం. ప్రత్యేక ఆర్థిక మండలిలో మొదలైన యూనిట్‌కి ఎగుమతి లాభాల మీద మొదటి అయిదేళ్ళు పూర్తి మినహాయింపు ఉండేది, తర్వాతి అయిదేళ్ళు సగం. దానికి బదులుగా చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళకి ఉద్యోగాలొస్తాయని ఒక ఆశ. ఆ బేరం గిట్టిందా లేదా అని అసెంబ్లీలో నిలదీయొచ్చు, పేపర్లో రాయొచ్చు. గడువుంది, అవతలి పక్షముంది. మన కుర్రాడి బేరంలో అవతలి పక్షం లేదు. మినహాయింపు తనకి తనే రాసుకున్నాడు, గడువూ తనే పెట్టుకోలేదు.

ఇక గల్ఫ్ కూలీ. అతను వెళ్ళింది పని కోసం. రాయచోటిలో అంత జీతమిచ్చే పని లేదు, కువైట్‌లో ఉంది. రేపు కువైట్ పదిశాతం పన్ను వేసినా చాలామంది వెళ్తారు. ట్రేడర్ సంగతి అలా కాదు. అతని పని ఎక్కడైనా నడుస్తుంది. ఊరు మారడానికి పన్ను తప్ప వేరే కారణం లేదు. ఈ తేడా ప్రభుత్వానికి కూడా తోచింది. ఇక్కడి ఆదాయం 15 లక్షలు దాటి, ఏ దేశంలోనూ పన్ను కట్టని భారత పౌరుణ్ణి ఇక్కడి నివాసిగానే లెక్కగడతామనే నిబంధన 2020లో వచ్చింది. బడ్జెట్‌లో ఆ ప్రతిపాదన చదివిన మర్నాడే, గల్ఫ్‌లో నిజంగా పనిచేసుకునేవాళ్ళ అక్కడి సంపాదన జోలికి రాబోమని వివరణ కూడా ఇచ్చారు.

అయితే నాకు అసలు ప్రశ్న ఇది కూడా కాదు. దుబాయ్‌కి సున్నా పన్ను ఎలా సాధ్యమైంది? చమురు అంటాం గానీ దుబాయ్ ఆదాయంలో చమురు వాటా ఇప్పుడు కొంచెమే. అక్కడ పన్ను పేరు మార్చుకుంది. 2018 నుంచి 5 శాతం వ్యాట్, ఇంటద్దె మీద మునిసిపాలిటీకి 5 శాతం, వీసాకి ఫీజు, రోడ్డుకి టోల్, పిల్లల చదువుకి ప్రైవేటు స్కూలు. దానికంటే పెద్ద కిటుకు ఇంకొకటుంది. ఆ దేశంలో ఉండేవాళ్ళలో పదింట తొమ్మిదిమంది పరాయి దేశస్తులు. చాలామంది పెరిగి పెద్దయ్యాక వస్తారు, ఒంట్లో ఓపిక తగ్గాక వెళ్ళిపోతారు. వాళ్ళ పురుడు, టీకాలు, బడి, మధ్యాహ్న భోజనం ఖర్చు వేరే చోట అయింది. వాళ్ళ ముసలితనం ఖర్చూ వేరే చోటే అవుతుంది. మనిషి జీవితంలో సంపాదించే నడిమి ముక్కని మాత్రం ఆ నగరం తీసుకుంటుంది.

ఆ "వేరే చోటు"కి ఒక పేరు తడ. ఇంకో పేరు రాయచోటి, ఇంకో పేరు కేరళలో ఏదో ఊరు. అక్కడి సున్నాని నిలబెడుతున్నది ఇక్కడి పన్నులే. అవి కట్టేది ఆదాయపు పన్ను శ్లాబులోకి వచ్చేవాళ్ళు మాత్రమే కాదు. చేపల బుట్టతో పులికాట్ ఒడ్డు నుంచి వచ్చే ఆవిడ సెల్‌ఫోన్ రీఛార్జి చేయించుకున్నప్పుడల్లా 18 శాతం జీఎస్టీ కడుతుంది. మన కుర్రాడి ఇంజనీరింగు ఫీజులో ఆవిడ వాటా ఉంది. రేపు అతని తండ్రికి గుండెనొప్పి వస్తే తీసుకెళ్ళే 108 అంబులెన్సులోనూ ఉంటుంది.

"ఊరికి ఏదో ఒకటి చేస్తాలే" అనొచ్చు అతను. శ్రీమంతుడు సినిమా వచ్చిన 2015 నుంచి ఊరి రుణం తీర్చుకోవడం అంటే దత్తత, విరాళం అని మనకి స్థిరపడిపోయింది. విరాళం మంచిదే. కాకపోతే అందులో ఎంతివ్వాలో, ఎవరికివ్వాలో ఇచ్చేవాడి ఇష్టం, గోడ మీద పాలరాతి పలకా అతనిదే. పన్నుకి పలక ఉండదు. నీ డబ్బు ఏ అంబులెన్సు డీజిల్‌లో కలిసిందో నీకు తెలీదు, ఆ రోగికీ తెలీదు. ఎవరూ ఎవరికీ దణ్ణం పెట్టక్కర్లేకపోవడమే దాని మర్యాద.

తిరుమల దేవుణ్ణి వడ్డికాసులవాడు అంటాం. పెళ్ళికి కుబేరుడి దగ్గర చేసిన అప్పుకి ఇంకా వడ్డీ కడుతున్నాడని కథ. అప్పు చేయడం ఆ కథలో నామోషీ కాదు. బాకీ ఒప్పుకోవడం దేవుడికీ తప్పలేదు.

దుబాయ్ వెళ్ళేవాణ్ణి ఆపమని నేననను. వెళ్ళే హక్కు ఉండాలి. ఆ హక్కే ప్రభుత్వాలని కాస్త భయంలో పెడుతుంది, గుంతల రోడ్ల గురించి అతనన్నది అబద్ధమూ కాదు. నేను ఒప్పుకోలేనిది "నేను ఎవరికీ బాకీ లేను" అన్న ఒక్క మాట. ఆ మాట నిజమవ్వాలంటే అతను దుబాయ్‌లోనే పుట్టి ఉండాలి, అక్కడే ముసలివాడవ్వాలి. అక్కడ పుట్టినా పౌరసత్వం రాదు. ముసలితనానికి అతను చూసిపెట్టుకున్న స్థలం తడలోనే ఉంది.