యంత్రమునకు విశ్రాంతి దినము లేదు

విశ్రాంతి దినమును గూర్చిన ఆజ్ఞను మనలో అనేకులు ఆదివారపు బడిలోనే కంఠస్థము చేసియున్నాము. అయితే ఆ ఆజ్ఞ నిర్గమకాండము ఇరువదవ అధ్యాయములో ఒక విధముగాను, ద్వితీయోపదేశకాండము అయిదవ అధ్యాయములో మరియొక విధముగాను వ్రాయబడియున్నదని అందరును గమనింపరు. మొదటి చోట చూపబడిన కారణము సృష్టి. దేవుడు ఆరు దినములు పనిచేసి ఏడవ దినమున విశ్రమించెను గనుక మనమును విశ్రమింపవలెను. రెండవ చోట చూపబడిన కారణము వెట్టి. తాము ఐగుప్తులో దాసులై మ్రగ్గిన సంగతి ఇశ్రాయేలీయులు మరువకూడదు. అందుచేతనే అక్కడ పనివాడును పనికత్తెయు ఇంటివారితో సమానముగా విశ్రమింపవలెనని విశేషముగా చెప్పబడినది. ఎద్దును గాడిదయు కూడ ఆ జాబితాలో నున్నవి. యంత్రము మాత్రము లేదు.

ప్రియ చదువరులారా, ఇప్పుడు ఇండ్లలోనికి వచ్చుచున్న ఒక యంత్రమునుబట్టి ఈ ఆజ్ఞను మరల చదువవలసి వచ్చుచున్నది. అది ఇల్లు ఊడ్చి తడిగుడ్డ పెట్టు యంత్రము. జల్లెడవలె గుండ్రముగా, జానెడుకన్న తక్కువ ఎత్తుగా నుండి, క్రింద తిరుగు బ్రష్షుతో దుమ్మును లాగి తన కడుపులోని డబ్బాలో వేసికొనును. వెనుక తగిలించిన తడిగుడ్డతో నేల తుడుచుచు పోవును. కొన్నిటికి లేజరు కిరణము కలదు. దానిచేత గోడలను మంచపు కోళ్లను కొలిచి గది పటమును తనలో గీసికొనును. మెట్టు అంచునకు వచ్చినప్పుడు, క్రిందికి పంపిన కిరణము నేలకు తగిలి తిరిగి రానందున, పడిపోక వెనుదిరుగును. బ్యాటరీ తగ్గగానే తన పీఠమునొద్దకు తానే పోయి కరెంటు ఎక్కించుకొనును. స్వీడను దేశపు ఎలక్ట్రోలక్స్ కంపెనీ 2001లోను, అమెరికాలోని ఐరోబాట్ కంపెనీ ‘రూంబా’ అను పేరుతో 2002లోను ఇట్టివానిని అమ్మకమునకు తెచ్చెను. మన దేశములో 2020లో కరోనా లాక్‌డౌన్ నాడు, పనిమనుషులు రాలేకపోయినప్పుడు, పట్టణములలో వీటికి గిరాకి పెరిగినది. ఆ ఏప్రిలులోనే షావోమీ కంపెనీ 17,999 రూపాయల వెలతో ఒకదానిని ఇక్కడ ప్రకటించినది.

వీటిని రోబో అందురు. ఈ మాట చెక్ దేశస్థుడైన కారెల్ చాపెక్ 1920లో ప్రచురించిన ఒక నాటకమునుండి లోకమంతట వ్యాపించెను. చెక్ భాషలో దానికి మూలమైన పదమునకు అర్థము ఏమనుకొందురు? వెట్టిచాకిరి! మన దేశములో వెట్టిని చట్టము 1976లో రద్దు చేసినది గాని, ఆ మాట ఇప్పుడు పరభాషా వేషములో మన నట్టింటికి వచ్చినది.

రావులపాలెమునకు ఎదుటి గట్టున, గౌతమి ఒడ్డుననున్న జొన్నాడ వంటి ఊరిలో ఇది ఒక ఇంటికి వచ్చినదనుకొందము. హైదరాబాదులోనో అమెరికాలోనో ఉద్యోగము చేయు కుమారుడు, మోకాళ్ల నొప్పులతో వంగలేని తల్లికొరకు కొని పంపును. ప్రక్కనే పెద్ద రహదారి, వంతెన, ఏటి ఇసుక. యంత్రమునకు పనికేమియు కొదువ లేదు. గది లోపల బాగుగనే తిరుగును. గడపయొద్ద మాత్రము ఆగిపోవును. వీటిలో అనేకములు రెండు సెంటీమీటర్లకు మించిన ఎత్తు ఎక్కజాలవు. మన పాత ఇండ్ల గడపలు అంతకంటె ఎత్తు. వాకిలి చిమ్ముట, అరుగు కడుగుట దానివలన కాదు. క్రిస్మస్సునాడు పిల్లలు నట్టింట నక్షత్రపు ముగ్గు వేసినయెడల, దుమ్మనుకొని దానిని కూడ మ్రింగివేయును.

ఇట్టిదానిని ఇంట పెట్టుకొనుట పాపమా? కాదు. ప్రభువు మార్తను మందలించినది ఆమె పనిచేసినందుకు కాదు, పనులనుగూర్చి కలవరపడినందుకే. వృద్ధురాలి నడుముకు కలిగిన నెమ్మది దేవుని ఈవియే. నాకు తోచు ప్రశ్న వేరు. నిన్నటివరకు ఆ ఇల్లు ఊడ్చినది ఎవరు?

చీపురు ఎవరి చేతికి వచ్చెనో మన పల్లెలలో అందరికిని తెలియును. స్త్రీలకు, వారిలోను పేదలకు. మన సంఘములలో అనేకుల ముత్తవ్వలచేత పశువుల పాకను వాకిలిని చిమ్మించుకొనిరేగాని, వారిని లోనికి రానీయలేదు. ఏ గడపను ఈ యంత్రము లోపలినుండి దాటలేదో, ఆ గడపను వారిని బయటనుండి దాటనీయలేదు. చేతిపని నీచమను తలంపు క్రీస్తుది కాదు, ఆయన వడ్రంగి. 1836లో ఇంగ్లాండునుండి బయలుదేరి వచ్చి గోదావరి డెల్టాలో సువార్త పని మొదలుపెట్టిన ఇద్దరిలో జార్జి బీర్ చెప్పులు కుట్టువాడు, విలియం బౌడన్ రాతిపనివాడు. అయినను, చదువుకొని ఉద్యోగములు సంపాదించి పనిమనిషిని పెట్టుకొనగలిగిన మనవారిలోనే కొందరు చీపురు పట్టినదానిని పేరుపెట్టి పిలువరు. ఇది చెప్పుట కష్టముగనే యున్నది.

ఇటువంటి సంగతి మన ప్రాంతములో మునుపును జరిగినది. రైసు మిల్లులు రాకమునుపు వడ్లు దంచుట కూలి స్త్రీల పని. మిల్లు వచ్చి వారి భుజములకు నొప్పి తీర్చినది, దానితోకూడ గంపలోని నూకలును తీసికొనిపోయినది. మిల్లును తప్పు పట్టువారు నేడెవరును లేరు. ఆ స్త్రీలు పిమ్మట ఏమి తిన్నారని అడిగినవారును అరుదు.

ఈ యంత్రము వచ్చిన ఇంట రెండింటిలో ఒకటి జరుగును. పనిమనిషిని మానిపింతురు, లేదా ఆమెనే దానికి దాసిని చేయుదురు. బ్రష్షుకు వెంట్రుకలు, దారములు చుట్టుకొనును. కత్తెరతో కోసి తీయవలెను. డబ్బా దులుపవలెను, మురికి గుడ్డ ఉతుకవలెను, నీళ్లు నింపవలెను. యంత్రము ఊడ్చుచున్నది గదా అని జీతము తగ్గించి, ఈ చాకిరి ఆమె మీదనే మోపుట బహు సులభము.

లూకా సువార్త పదునైదవ అధ్యాయములోని స్త్రీని జ్ఞాపకము చేసికొనుడి. పది నాణెములలో ఒకటి పోగా ఆమె దీపము వెలిగించి ఇల్లు ఊడ్చెను. వెదకుటకే ఊడ్చెను. యంత్రమైతే ఆ నాణెమును దుమ్ముతోకూడ లాగివేసి, పని ముగిసినదని కూత పెట్టును. మన ఇంట ఊడ్చు మనిషియో, మూలలో పడిన చెవి దిద్దును కొంగున తుడిచి మన చేతిలో పెట్టును. ముసలమ్మ మంచము దిగలేదేమని అడుగును. అట్టి మనిషి రేపటినుండి రాకపోయినయెడల ఆమెకొరకు దీపము వెలిగించువారెవరు?

కోనసీమ సంఘములకు ఇది దూరపు మాట కాదు. మన అక్కచెల్లెండ్రు ఎందరో కువైటులోను మస్కటులోను పరుల ఇండ్లు ఊడ్చుచు ఇక్కడ బిడ్డలను చదివించుచున్నారు. కువైటు దేశము 2015లో 68వ నంబరు చట్టమును చేసి, ఇంటిపనివారికి వారమునకొక దినము సెలవు, దినమునకు పండ్రెండు గంటలకు మించని పని, సంవత్సరమునకు ముప్పది దినముల జీతపు సెలవు నిర్ణయించినది. చట్టము వ్రాసినంతనే ప్రతి ఇంట అమలగునని కాదు, అయినను వ్రాయబడినది. మన దేశములో ఇట్టి ప్రత్యేక చట్టము లేని సంగతి గమనించి, 2025 జనవరిలో సుప్రీంకోర్టు దానిని పరిశీలించుటకు ఒక కమిటీని వేయుమని కేంద్ర ప్రభుత్వమునకు ఆదేశించెను. కువైటులోని మన చెల్లెలికి శుక్రవారము సెలవు దొరకవలెనని ప్రార్థించు మనము, మన ఇంట అంట్లు తోమి ఊడ్చి, ఆరాధనకు సగము ప్రసంగమైన పిమ్మట వచ్చి వెనుక చాపమీద కూర్చుండు సహోదరికి ఆదివారము ఇచ్చితిమా?

యంత్రము చేయదగిన మేలు ఇక్కడనే యున్నది. దానికి ఆత్మ లేదు, అలసట లేదు, ఆరాధన లేదు. ఆదివారపు చీపురు దాని వంతు చేయుడి. ఆమె జీతములో ఒక్క పైసయు తగ్గింపకుడి. చేయని పనికి కూలి యేల అని ఇంటి యజమానుడు అడుగవచ్చును. ద్రాక్షతోటలో ప్రొద్దు క్రుంకువేళ వచ్చి ఒక్క గంటయే పనిచేసినవారికిని పూర్తి దేనారము ఇచ్చిన యజమానునికి ఈ లెక్క తెలియకపోలేదు. తోటివారు సణిగినను ఆయన ఇచ్చెను. అన్ని ఇండ్లకును ఇంతటి కలిమి ఉండదన్న మాట నిజమే. అయితే 17,999 రూపాయలు పెట్టి యంత్రము కొనగలిగిన ఇంటిని గూర్చియే నేను వ్రాయుచున్నాను.

ఆమెనే అడిగి చూడుడి. ఒకతె ఆదివారము చాలుననును. వేరొకతె తనకు కావలసినది సెలవు కాదు, మరి రెండు వందల జీతమనును. మనము ఊహించినదానికన్న ఆమె చెప్పునదే మేలు. ఇక బ్రష్షుకు చుట్టుకొన్న వెంట్రుకలను శనివారము రాత్రి ఇంటివారే కూర్చుండి కోసి తీయవచ్చును. ఒక కత్తెర, పది నిమిషములు చాలును.