ప్రయాణాల ఉద్యోగం - ఇంటివారి హక్కు

నెలలో ఇరవై రోజులు ఊళ్ళు తిరగాల్సిన ఉద్యోగం. జీతం బాగానే ఉంది, సంపాదన హలాలే. కాని పిల్లలు తండ్రి ముఖం ఆదివారం తప్ప చూడటం లేదు. ఇలాంటి ఉద్యోగంలో కొనసాగాలా, మానుకోవాలా? లారీ డ్రైవర్లు, మెడికల్ రిప్రజెంటేటివ్‌లు, బట్టల ఏజెంట్లు ఉన్న మన కుటుంబాలకు ఈ ప్రశ్న కొత్త కాదు.

ఉపాధి కోసం ప్రయాణించడం దోషం కాదు. ముజ్జమ్మిల్ సూరా చివరి ఆయతులో అల్లాహ్ అనుగ్రహాన్ని అన్వేషిస్తూ భూమిలో సంచరించేవారి ప్రస్తావన, ఆయన మార్గంలో పోరాడేవారి ప్రస్తావన పక్కపక్కనే వచ్చాయి. దైవప్రవక్త (స) స్వయంగా యౌవనంలో హజ్రత్ ఖదీజా (రజి) సరుకు తీసుకుని సిరియా వెళ్ళారు. కనుక తిరిగే ఉద్యోగంలో బర్కత్ ఉండదని బంధువులు అనే మాటను పట్టించుకోనక్కర లేదు.

అయితే ఆ ప్రవక్తే (స) ప్రయాణాన్ని యాతనలో ఒక భాగమని చెప్పారు. అది మనిషిని తిండికీ, నీళ్ళకూ, నిద్రకూ దూరం చేస్తుందనీ, పని పూర్తికాగానే ఇంటివారి వద్దకు త్వరగా చేరుకోవాలనీ బోధించారు. బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఈ హదీసు ఉంది. పని మధ్యాహ్నానికే ముగిసినా, కంపెనీ ఖర్చే కదా అని మరో రాత్రి లాడ్జిలో గడిపే సోదరులు దీన్ని గమనించాలి.

నమాజు విషయంలో షరీఅత్ ప్రయాణికుడికి సౌలభ్యం కల్పించింది. హనఫీ ఉలమాల ప్రకారం సుమారు 77 కిలోమీటర్లకు తక్కువ కాని ప్రయాణంలో, ఒకచోట పదిహేను రోజులకు తక్కువగా ఉండే సంకల్పంతో ఉంటే, జుహ్ర్, అస్ర్, ఇషాలలో నాలుగు రకాతుల ఫర్జ్‌ను రెండుగా చేస్తాడు. ఫజ్ర్, మగ్రిబ్‌లలో మార్పు లేదు. ఇంత సులభం చేసిన తర్వాత కూడా బస్సు పేరు చెప్పి నమాజు వదిలేస్తుంటే, ఉద్యోగం మారినంత మాత్రాన ఆ అలవాటు పోదు.

ఇక ఇంటివారి మాట. హజ్రత్ ఉమర్ (రజి) ఒక రాత్రి మదీనాలో తిరుగుతుండగా, యుద్ధానికి వెళ్ళిన భర్త కోసం ఒక స్త్రీ పడుతున్న ఆవేదన ఆయన చెవిన పడింది. భర్త లేకుండా స్త్రీ ఎంతకాలం ఓర్చుకోగలదని ఆయన కుమార్తె హజ్రత్ హఫ్సా (రజి)ను అడిగారు. నాలుగు నెలలని (కొన్ని ఉల్లేఖనాల్లో ఆరు నెలలని) ఆమె చెప్పగా, సైనికులను అంతకు మించి ఆపవద్దని ఉత్తర్వు ఇచ్చారు. ఖలీఫా అంతటివారు స్త్రీని అడిగి తెలుసుకున్నారు. మనమో, భార్యను అడగకుండానే "నీకోసమేగా కష్టపడుతున్నాను" అనేస్తాం. ఆమెకు కావలసింది పెద్ద జీతమో, మీరు ఇంట ఉండటమో ఆమెనే అడగండి. తక్కువ జీతంతో ఇల్లు ఎలా గడపాలో ఇద్దరూ కలిసి కాగితం మీద లెక్క వేయండి. అప్పు ఉంటే అది తీరేదాకా ఓర్చుకోవడమే మేలు కావచ్చు. వృద్ధులైన తల్లిదండ్రులను చూసుకునేవారు మరెవరూ లేకపోతే లెక్క వేరు.

సంప్రదించిన తర్వాత ఇస్తిఖారా చేయండి. రెండు రకాతుల నఫిల్ చదివి, ఈ పనిలో మేలుంటే సులభం చేయమనీ, కీడుంటే తప్పించమనీ, మేలు ఎక్కడున్నా దానితో మనసును తృప్తిపరచమనీ వేడుకోవడమే అది. కలలో ఆకుపచ్చ రంగు కనబడాలనే షరతు ఏ హదీసులోనూ లేదు. దుఆ చేసి, మరో ఉద్యోగానికి దరఖాస్తు పెట్టండి. అది ఖాయమయ్యేదాకా ఉన్నదాన్ని వదలకండి.