గగనారవిందానికి పరిమళం ఉంటుందా?

పోటీ పరీక్షల రీజనింగ్ విభాగంలో సిలాజిజమ్ పేరుతో వచ్చే ప్రశ్నలు తరచు ‘పిల్లులన్నీ కుక్కలే, కుక్కలన్నీ పక్షులే’ అన్న ధోరణిలో ఉంటాయి. ప్రకటనలు లోకానుభవానికి విరుద్ధంగా కనిపించినా నిజమనే భావించి, వాటి నుంచి తప్పనిసరిగా వచ్చే తీర్మానాన్నే ఎంచుకోవాలన్న సూచన ముందే ఉంటుంది. అభ్యర్థి పిల్లుల వృత్తాన్ని కుక్కల వృత్తంలోనూ, దాన్ని పక్షుల వృత్తంలోనూ గీసి, రెండు ప్రకటనల్లోనూ ఉన్న మధ్యపదమైన ‘కుక్కల’ను తప్పించి ‘పిల్లులన్నీ పక్షులే’ అని గుర్తిస్తే మార్కు దక్కుతుంది. క్రీస్తుపూర్వం 4వ శతాబ్దంలో అరిస్టాటిల్ క్రమబద్ధం చేసిన ఈ విద్యలో వాదం చెల్లుబాటు దాని ఆకృతిని బట్టే గాని అందులోని విషయాన్ని బట్టి కాదు. మరి ఇలా చేరిన తీర్మానం జ్ఞానమే అవుతుందా?

భారతీయ తత్వశాస్త్ర శాఖల్లో ఒకటైన న్యాయదర్శనం అవుననదు. వాడుక తెలుగులో సందేహమనే అర్థంలో స్థిరపడిన ‘అనుమానం’ ఆ శాస్త్రంలో, విచిత్రంగా, సందేహాన్ని తీర్చే ప్రమాణానికి, అంటే సరైన జ్ఞానాన్నిచ్చే సాధనానికి, పేరు. అందులో వాదానికి ఐదు మెట్లు: కొండ మీద నిప్పు ఉందనడం ప్రతిజ్ఞ; పొగ ఉంది కనుక అనడం హేతువు; పొగ ఉన్నచోటల్లా నిప్పు ఉంటుంది, వంటింట్లో లాగా అనడం ఉదాహరణ; ఈ కొండ మీదా అటువంటి పొగే ఉందనడం ఉపనయం; కనుక నిప్పు ఉందని ముగించడం నిగమనం. ‘పొగ ఉన్నచోటల్లా’ అన్న విడవని సంబంధాన్ని వ్యాప్తి అంటారు. దాన్ని చెప్పి ఊరుకోక వంటిల్లు చూపించడంలోనే నైయాయికుడి పట్టుదల తెలుస్తుంది. వ్యాప్తిని తిరగేసి, నిప్పు ఉంది కనుక పొగ ఉందంటే ఎర్రగా కాలిన ఇనుపగుండును ముందు పెడతాడు: అందులో నిప్పే గాని పొగ లేదు, ఎందుకంటే పొగకు తడికట్టె కూడా కావాలి. హేతువు వెనుక దాగిన ఇటువంటి అదనపు షరతుకే ఉపాధి అని పేరు. పరీక్షలో ఈ తిరగేసే పొరపాటును వృత్తం పట్టిస్తుంది, ఇక్కడ వస్తువు పట్టిస్తుంది.

గగనారవిందం, అంటే ఆకాశతామర, సువాసన గలది, తామర కనుక, కొలనులోని తామరలాగా అన్న వాదాన్ని పరీక్షాపత్రం నిస్సందేహంగా ఒప్పుకుంటుంది. న్యాయశాస్త్రం మాత్రం దీన్ని ఆశ్రయాసిద్ధి అనే హేత్వాభాసగా, అంటే హేతువులా కనిపించే దోషంగా, తోసిపుచ్చుతుంది. హేతువు నిలవవలసిన తామరే లేనప్పుడు పరిమళం గురించి నిరూపించడానికేముంది?

అయినా పిల్లిని కుక్క అనుకొని ఆలోచించే ప్రక్రియకు ఈ శాస్త్రంలో చోటు లేకపోలేదు. కాదని తెలిసీ కావాలని చేసే ఆరోపాన్ని ఆహార్యం అంటారు. నిప్పే లేకుంటే పొగా ఉండేది కాదు అన్న ఊహ అటువంటిదే, దాని పేరే తర్కం. అది ప్రమాణానికి తోడు నిలిచేదే గాని తాను ప్రమాణం కాదు. తెలుగువాడైన అన్నంభట్టు 17వ శతాబ్దంలో రచించిన ‘తర్కసంగ్రహం’ సంశయం, విపర్యయం (భ్రమ)లతో పాటు తర్కాన్ని కూడా అయథార్థానుభవాల్లోనే, అంటే ఉన్నది ఉన్నట్టు తెలపని అనుభవాల్లోనే, లెక్కించింది. ఆ లెక్కన నేటి అభ్యర్థి సాధన చేస్తున్నది అనుమానం కాదు, తర్కం. బుద్ధికి అది మంచి కసరత్తే, కాకపోతే దానివల్ల పిల్లుల గురించి కొత్తగా తెలిసేదేమీ లేదు.

ఈ తేడా ఒకచోట పరీక్షలోనూ తొంగిచూస్తుంది. ‘అన్నీ’ అన్న ప్రకటన నుంచి ‘కొన్ని’ అన్న తీర్మానాన్ని పరీక్షలు అరిస్టాటిల్ సంప్రదాయంలోనే అంగీకరిస్తాయి. ఆధునిక తర్కశాస్త్రం, అసలు ఆ వర్గంలో ఒక్కటైనా ఉందని విడిగా చెబితే తప్ప, అంగీకరించదు. కాగితం మీద లోపలి వృత్తం గీసిన అభ్యర్థి అందులో ఏదో ఒకటి ఉందని అప్పటికే ఒప్పుకున్నాడు, కాని అది ఏమిటో చూపించమని అతణ్ణి అడిగేవారు లేరు.