పొగకు ప్రాయశ్చిత్తము

వర్తకునకు ఖాతా పుస్తకము కంటిరెప్ప వంటిది. జమకు ఖర్చు సరిపడిననే రాత్రి నిద్ర పట్టును. ఈ కాలమున క్రొత్త ఖాతా యొకటి బయలుదేరినది. ఒకచోట విడిచిన పొగకు బదులుగా, మరియొకచోట అంత పొగను తగ్గించుటకు సొమ్మిచ్చి, లెక్క చెల్లుబెట్టుకొనుట. ఒక టన్ను బొగ్గుపులుసు వాయువునకు ఒక కార్బన్ క్రెడిట్. 2023లో కేంద్ర ప్రభుత్వము ఈ క్రెడిట్ల వ్యాపారమునకు పథకము ప్రకటించినది గనుక, ప్రశ్న మన అంగడి గుమ్మమునకే వచ్చినది.

1997 నాటి క్యోటో ఒప్పందము దీనికి దారి వేసినది. ధనిక దేశముల బాధ్యత తీరుట, పేద దేశముల అభివృద్ధి, రెండును ఒక్క పనిచే సిద్ధింపవలెనని అందలి ఆశయము. తెలుగు మాట వినిపించు కర్ణాటక సరిహద్దున, బాగేపల్లి ప్రాంతపు కూలీ కుటుంబముల కొరకు 5,500 గోబరుగ్యాసు తొట్ల పథకము 2005లో ఆ ఒప్పందము క్రింద నమోదైనది. పేడతో పొయ్యి వెలుగును. కట్టెల మోత, కిరసనాయిలు ఖర్చు తగ్గును. పొగలో కన్నులు మండిన ఇల్లాలికి ఇది చిన్న మేలు కాదు.

అయినను ధర్మసందేహము తీరలేదు. తిరువళ్లూరు దాపున ఇటుకల బట్టీ గల వర్తకుడొకడు ఇట్టి క్రెడిట్లు కొన్నాడనుకొందము. తిరుత్తణి కొండ గాలికి, బాగేపల్లి గాలికి నడుమ గోడ లేదు. పొగ ఎచ్చట తగ్గినను తగ్గినట్లే. కాబట్టి గాలి లెక్కలో ఆ జమ చెల్లును. మరి ఆత్మ లెక్కలో?

కర్మము చేసినవానినే అంటునని జైనధర్మము. తాను చేయుట, ఇతరులచే చేయించుట, చేసినదానిని ఆమోదించుట, మూడును బంధహేతువులే. ఒకరి పొదుపును కొని మరియొకరు తన కర్మమును కడుగుకొనజాలరు. ప్రతిక్రమణమనగా తప్పునుండి వెనుకకు మరలుట. రుసుము కట్టి ముందుకు సాగుట కాదు.

అట్లని ఆ సొమ్ము వ్యర్థమా? కాదు. పేదయింటి పొగ మాన్పినచో అది మంచి దానమే. వరుస మాత్రము తప్పరాదు. ముందు తన బట్టీలో బొగ్గు తగ్గించుకొనవలెను. తగ్గింపరాని శేషమునకే క్రెడిట్ కొనవలెను. కొనునప్పుడు సరకు తూకము చూచునట్లే మూడు ప్రశ్నలు వేయవలెను. ఈ సొమ్ము లేకున్నను ఆ పని జరిగెడిదా? అదే టన్ను మరియొకరికి గూడ అమ్మినారా? ధరలో ఎంత ఆ యిల్లాలికి చేరినది? మూడవదానికి జవాబు లేనిచో, అది పేదవాని పొదుపును ధనికుని అనుమతిపత్రముగా మార్చుటయే.

2015 వరదలను, 2019 వేసవిలో అడుగంటిన పూండి జలాశయమును చూచిన జిల్లా యిది. వాన మితిమీరినను, మొగము చాటువేసినను, మొదట నష్టపోవువాడు కూలివాడే. అతని ఋణము తీరక ముందే పద్దు కొట్టివేయుట ఏ ఖాతాలోను న్యాయము కాదు.