హద్దు ఎవరికి లేదు?

ఆసిఫాబాద్ నుంచి వాంకిడి, గోవింద్‌పూర్ దాటితే తెలంగాణ అయిపోతుంది. అవతల లక్కడ్‌కోట్. మహారాష్ట్రలోని చంద్రాపూర్ జిల్లా, రాజురా తాలూకా. నేనూ, వయసులో నాకంటే పెద్దవాడైన నా స్నేహితుడూ నిర్మల్‌లో బయలుదేరి మహబూబ్ ఘాట్, ఉట్నూరు, జైనూరు, కెరమెరి ఘాట్ మీదుగా రెండు బండ్ల మీద ఇక్కడికి చేరాం. ఇంకా నాగ్‌పూర్ దాటి, సాత్పురా కొండల్లోని పచ్‌మఢీ దాకా పోవాలి. లక్కడ్‌కోట్‌లో చాయ్ తాగుతూ నేనన్న ఒక మాట మీద మా చర్చ మొదలైంది.

నేను: రాష్ట్రం మారిన సంగతి బోర్డు చూస్తే తప్ప తెల్వలే అన్నా. అటూ ఇటూ అవే టేకు చెట్లు, అవే పత్తి చేన్లు. కొండల్ల బండి మీద పోయేటోనికి హద్దు అనేదే ఉండదు. అందుకే నాకీ తిరుగుడంటే పానం.

అన్న: హద్దు లేదా, నీకు దాంతోని పని పడలేదా?

నేను: రెండూ ఒకటే కదా?

అన్న: కాదు తమ్మీ. ఈ రాజురా 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంల, మన ఆదిలాబాద్ జిల్లాలనే ఉండె. భాషను బట్టి రాష్ట్రాలు చేసినప్పుడు నాందేడ్‌ల కలిసింది, 1959ల చాందాకు, అంటే ఇప్పటి చంద్రాపూర్ జిల్లాకు పోయింది. ఊళ్ళు ఉన్నకాడనే ఉన్నయ్. కచేరి మారింది, కాయితం మీది భాష మారింది. ఇంట్ల గోండి మాట్లాడేటోళ్ళకు తెలుగు కాయితమైనా, మరాఠీ కాయితమైనా ఇంకొకరు చదివి చెప్పాల్సిందే.

నేను: అది ఎప్పటి ముచ్చటనో.

అన్న: ఇప్పటిది కూడా చెప్త. ఇక్కడికి పడమర, కెరమెరికీ జివతికీ నడుమ కొండల మీద 14 ఊళ్ళున్నయ్. మావంటే మావని రెండు రాష్ట్రాలూ అంటయ్. అక్కడి జనానికి రెండు ఓటరు కార్డులు, రెండు రేషన్ కార్డులు. తెలుగు బడి ఉంది, మరాఠీ బడీ ఉంది. వినేటోనికి అదృష్టమనిపిస్తది. దున్నుకునే భూమికి పట్టా కావాలంటే మాత్రం ఎవరి గడప తొక్కాలె? 1940ల కొమురం భీం జోడెఘాట్‌ల పానం ఇచ్చింది కూడా భూమి కోసమే. అదే కొండల్ల ఆ ప్రశ్న ఇంకా తెగలే.

నేను: అయితే నాకు దొరికిన స్వేచ్ఛ అబద్ధమంటవా?

అన్న: అబద్ధమనను. ఇక్కడ ఎవరినీ ఏదీ అడగాల్సిన అవసరం లేనోని స్వేచ్ఛ అది. దాన్ని కొండలిచ్చిందని అనుకుంటే పొరపాటు.

ఆ మాటకు వెంటనే ఒప్పుకోలేకపోయాను. హద్దును లెక్కచేయకుండా దాటేవాళ్ళు ఈ కొండల్లోనే పుట్టి పెరిగినవాళ్ళలోనూ ఉన్నారు.

నేను: మరి జంగుబాయి దేవత సంగతేంది? మహారాజ్‌గూడ అడవిల గుహ కాడికి పుష్యమాసంల మహారాష్ట్ర గోండులు కూడా వస్తరు. వాళ్ళకు అడ్డం రాని హద్దు నాకు రాలేదంటే తప్పేంది?

అన్న: దాటుడు ఒక్కటే, కారణం వేరు. ఇక్కడ మనం ఎవరికీ ఏమీ కాము కాబట్టి దాటినం. అవతల వాళ్ళకు దేవత ఉంది, గోత్రపోళ్ళున్నరు కాబట్టి వాళ్ళు దాటుతరు. వేగం హద్దును కనవడకుండ చేస్తది. చుట్టరికం దాన్ని చిన్నగ చేస్తది.

నేను: చుట్టరికమంటే కట్టుబాటు కదా. కట్టుబాటు పెరిగితే స్వేచ్ఛ తగ్గదా?

అన్న: గోండుల్ల మెస్రం వంశపోళ్ళను చూడు. కేస్లాపూర్ నాగోబా అభిషేకానికి గోదావరి నీళ్ళు కావాలె. జన్నారం దిక్కు హస్తినమడుగు దాకా ఉత్త కాళ్ళతోని నడిచి పోయి తెస్తరు. బండి మీదైతే ఆ నీళ్ళు ఒక్క పూటల తేవచ్చు. నడుమ ఊళ్ళతోని ఏండ్లనాటి ఎరుక మాత్రం అట్ల రాదు. ఎట్ల నడవాలె, ఎవరెవరు నడవాలె అన్నీ నియమమే. ఆ నియమమే వాళ్ళను ఇన్ని ఊళ్ళకు అయినోళ్ళను చేసింది.

అప్పుడు నాకు కెరమెరి ఘాట్ గుర్తొచ్చింది. దిగుడులో రెండో గేర్ వేసుకుని, బ్రేకులు వేడెక్కకుండా ఆయన నిదానంగా వస్తాడు. ముందున్న నేను ప్రతి మలుపు దాటాక, వెనక లైటు అద్దంలో పడేదాకా వేగం పెంచను. దూర ప్రయాణాల్లో మేము పెట్టుకున్న నియమం అది.

నేను: నీకోసం ఆగుడు నాకెన్నడూ బరువనిపించలే అన్నా. ఆగినకాడనే లోయ చూసిన, వాగు చప్పుడు విన్న. అయినా మన ఇద్దరి నడుమ స్నేహముంది. ఈ కొండల మనుషులకు నేనెట్ల అయినోన్ని అయిత?

అన్న: ఒక్కపాలి వచ్చిపోతే కావు. ఆ 14 ఊళ్ళ సంగతి ఇప్పుడు నీకెరుకైంది. ఎరుకైనంక నువ్వు దారిన పోయే దానయ్యవు కాదు. రేపు ఎవరన్నా ఆ కొండలెట్లున్నయని అడిగితే అడవి మంచిగుందని చెప్పి ఊకోకు. పట్టా లేని చేను సంగతి కూడా చెప్పు. మళ్ళ వచ్చినప్పుడు, అది ఏమైందని వాళ్ళను అడుగు.

ప్రయాణం మనిషిని విశాలం చేస్తుందని అందరం అంటాం. నేనూ అన్నాను, అయితే విశాలమంటే విడుదల అనుకుని అన్నాను. మనం జవాబు చెప్పుకోవలసిన మనుషులు ఒక ఊరి నుంచి పది ఊళ్ళకు పెరిగితే అదీ విశాలం కావడం. ఆ మనుషులు ఎంతమంది అయ్యారో చూసుకున్నాకే, ఎన్ని ఘాట్లు ఎక్కి దిగామో చెప్పుకోవాలి.