జవాబు రాని పేరు

ఇంటర్వ్యూ అయ్యాక ‘వారంలో కబురు చేస్తాం’ అన్నారు. మూడు నెలలు గడిచాయి. ఫోన్ చేస్తే ‘ఇంకా తేలలేదు’. ఆ తర్వాత ఫోనే ఎత్తలేదు. నాతో వచ్చిన హిందూ మిత్రుడికీ అదే మౌనం. అతను తన ఇంగ్లీషును అనుమానించుకున్నాడు. నేను నా పేరును అనుమానించుకున్నాను. ఇంగ్లీషు నేర్చుకోవచ్చు. నానీమా పెట్టిన పేరునేం చేసుకోను?

కొలువుల్లో మతవివక్ష కూడదన్న రాజ్యాంగం 16వ అధికరణం ప్రైవేటు కంపెనీ గడప దాటదు. సమాన అర్హతలతో పంపిన దరఖాస్తుల్లో ముస్లిం పేర్లకు పిలుపులు తక్కువ వచ్చాయని థోరట్, అట్వెల్ 2007లోనే చూపించారు. నాకూ అదే జరిగిందని అనను. జరగలేదనీ అనలేను. ఆ మౌనంలోని అన్యాయం అదే.

కాదంటే కాదనండి. ఎందుకో చెప్పండి. అనుమానం నుంచి మీకూ నాకూ విముక్తి.