'ఒప్పుకున్నాడట!'

విశాఖపట్నం ఓడరేవు పరిసరాల్లోనో, గాజువాక బస్తీల్లోనో ఒక నేరం జరిగితే మనం ముందుగా ఎవరిని అనుమానిస్తాం? పాత కేసు ఉన్నవాణ్ణి, పొట్టకూటికి పొరుగు జిల్లా నుండి వచ్చిన కూలీని, తరఫున మాట్లాడే దిక్కులేనివాణ్ణి. 'స్టేషన్లో ఒప్పుకున్నాడట' అని వినగానే మన మనసు కుదుటపడుతుంది. పోలీసుల ముందు చేసిన నేరాంగీకారం సాక్ష్యంగా చెల్లదని మన దేశ చట్టమే అంటోంది. చట్టం నమ్మని మాటను మనం నమ్మేస్తున్నాం! బలవంతంగా రాబట్టిన ఒప్పుకోలుకు ఇస్లామీయ ధర్మశాస్త్రంలోనూ విలువ లేదు.

అన్నిసా సూరా 105వ ఆయతు నేపథ్యంగా ఖుర్ఆన్ వ్యాఖ్యాతలు మదీనాలో జరిగిన ఒక సంఘటన చెబుతారు. తోమా బిన్ ఉబైరిఖ్ అనే వ్యక్తి ఒక కవచాన్ని దొంగిలించి, దాన్ని ఒక యూదుని ఇంట్లో ఉంచి, నింద అతనిపై మోపాడు. తోమా పేరుకు ముస్లిం. అతని తెగవారు కలిసికట్టుగా వచ్చి అతని పక్షాన వాదించారు. సొత్తు దొరికింది యూదుని వద్దనే కదా! పైకి చూస్తే కేసు పక్కా. అప్పుడు దైవవాణి అవతరించి ఆ యూదుణ్ణి నిర్దోషిగా తేల్చింది. ద్రోహుల తరఫున వాదించవద్దని సాక్షాత్తూ దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం)నే హెచ్చరించింది. ఇక్కడొకటి గమనించాలి. ఆ తెగవారు దొంగతనం చేయలేదు. మనవాడే కదా అనుకున్నారు, అంతే.

మన కాలానికి వద్దాం. 2007 డిసెంబరు 27న విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నంలోని ఒక హాస్టల్లో ఫార్మసీ విద్యార్థిని ఆయేషా మీరా దారుణ హత్యకు గురైంది. రాష్ట్రమంతా భగ్గుమంది. 2008 ఆగస్టులో పిడతల సత్యంబాబు అనే పేద దళిత యువకుణ్ణి అరెస్టు చేశారు. 2010 సెప్టెంబరులో విజయవాడ మహిళా కోర్టు అతనికి శిక్ష వేసింది. 2017 మార్చి 31న హైకోర్టు అతణ్ణి నిర్దోషిగా ప్రకటించింది, దర్యాప్తు తీరును తప్పుపట్టింది, లక్ష రూపాయల పరిహారం ఇవ్వమంది. జైల్లో గడిచిన ఎనిమిదేళ్ళ పైచిలుకు కాలానికి లెక్క కడితే నెలకు వెయ్యి రూపాయలు కూడా పడదు.

అయితే ఈ కేసులో మనల్ని ఆలోచింపజేయవలసింది హతురాలి తల్లి వైఖరి. చచ్చిపోయింది ఆమె కన్నబిడ్డ. ఒకణ్ణి చూపించి, వీడే హంతకుడని చెప్పి, శిక్ష కూడా వేస్తామంటే ఏ తల్లికైనా కాస్త ఊరట కలుగుతుంది. ఆమె మాత్రం సత్యంబాబు దోషి కాడని మొదటినుండీ బహిరంగంగానే చెబుతూ వచ్చింది. ఎవరిపైనైనా ఉన్న కోపం మిమ్మల్ని న్యాయం నుండి తప్పించకూడదన్న అల్ మాయిదా సూరా 8వ ఆయతు భావాన్ని మనం ప్రసంగాల్లో ఎన్నోసార్లు విన్నాం. ఆ తల్లి గుండెకోతలోనూ దానిపై నిలబడింది. ఆమె కోరిన న్యాయం తన కూతురికి ఒక్కదానికే కాదు, కూతురి పేరుమీద జైలుకు పోయిన పరాయి తల్లి బిడ్డకు కూడా. అప్పుడు మనలో ఎంతమందిమి ఆమె మాట విన్నాం?

2018లో హైకోర్టు కేసును సీబీఐకి అప్పగించింది. 2019 డిసెంబరులో, అంటే పన్నెండేళ్ళ తర్వాత, తెనాలిలో ఆ అమ్మాయి సమాధిని తవ్వి మళ్ళీ పరీక్షలు చేశారు.